కుర్చీకి తగిలించిన కోటు

మేజోళ్ళు అమ్మినన్నాళ్ళూ సరుకు మంచిదో కాదో నాకు ఒకరు చెప్పాల్సిన పని ఉండేది కాదు. రెండు వేళ్ళమధ్య పట్టి లాగితే చాలు, ఎన్ని ఉతుకులకు ఆగుతుందో తెలిసిపోయేది. సియోల్‌లో దొంగ్‌డేమున్ టోకు బజారులో నా దుకాణం ఉండేది. గుండె ఆపరేషన్ తర్వాత మా బావమరిది పని మానుకోవడంతో, సియోల్ పక్కనున్న బుచాన్‌లో అతను నడిపే కార్టూన్ బొమ్మల స్టూడియో నా చేతికొచ్చింది. అప్పటినుంచీ నేను అమ్ముతున్నది నవ్వు. దాన్ని వేళ్ళమధ్య పట్టి లాగి చూడడం కుదరదు.

అది పిల్లల నవ్వు కూడా కాదు. పిల్లలు పడుకున్నాక పెద్దవాళ్ళు చూసే తిక్క హాస్యం. అమెరికా నుంచి మాటలు వచ్చేవి, ఏ మాటకు ఏ కదలికో రాసిన పట్టికలు వచ్చేవి. మా వాళ్ళు గీసి పంపేవాళ్ళు. ఒక సీరియల్లో ఊరి జనం ఎవరింట్లోదో ఒక ఫ్రిజ్‌ను మేయరుగా ఎన్నుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ ఫ్రిజ్ తలుపు తెరవడం, మూయడం గీశాం. అక్కడ జనం పడీపడీ నవ్వుతున్నారని అనేవాళ్ళు. మా హాల్లో మాత్రం ఒక్కరు నవ్వగా నేను చూడలేదు. నాకూ నవ్వు రాలేదు, రావాల్సిన అవసరం ఉందనీ అనుకోలేదు. ఆడవాళ్ళ మేజోళ్ళు అమ్మిన రోజుల్లో వాటిని నేను తొడుక్కుని చూశానా?

ఆ ఆర్డర్లు మెల్లగా వియత్నాం వైపు మళ్ళాయి. చివరి ఫ్రిజ్ కథ గీసి పంపాక మా చేతిలో పనేమీ మిగలలేదు. ఒకరి సరుకు కుట్టిపెట్టే దుకాణం ఎప్పుడైనా ఇంతే. సొంత సరుకు ఉండాలి, లేదా తలుపులు మూయాలి. ఆ సంగతి అందర్నీ పిలిచి చెప్పాను. మర్నాడు పొద్దున ఓక్ సెరిన్ ఒక కథ పట్టుకొచ్చింది.

సెరిన్ మా దగ్గర డైరెక్టరు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. నవ్వించే పనిలో ఉన్నా ముఖం మాత్రం ఆస్తి తగాదాలు చూసే వకీలులా ఉంటుంది.

"ఒక ఆఫీసు సార్," అంది. "మధ్యాహ్నం పూట మేనేజర్ కుర్చీలోనే చచ్చిపోతాడు. ఆయన లేవకుండా ఎవరూ ఇంటికి పోకూడదు కదా. ఆయన లేవడు. అందరూ కూర్చునే ఉంటారు."

"ఎంతసేపు?"

"పెళ్ళిళ్ళు అవుతాయి. ప్రమోషన్లు వస్తాయి. మేనేజర్ కాలరులోంచి పుట్టగొడుగులు మొలుస్తాయి. రిటైరయ్యే గుమాస్తా వచ్చి ఆయనకు వంగి దండం పెట్టి, సెలవు దొరక్క మళ్ళీ వెళ్ళి కూర్చుంటాడు."

"ఆయన చచ్చిపోయాడని వాళ్ళకు తెలీదా?"

"అందరికీ తెలుసు సార్."

"మరి?"

"మరేం లేదు. అదే కథ."

ఇందులో నవ్వేముందో నాకు అంతుపట్టలేదు. మేనేజర్ లేవకుండా కిందివాళ్ళు ఎలా లేస్తారు? కానీ నాకు అర్థం కాని సరుకు అమ్మడం నాకు కొత్త కాదు. ఒక చిన్న కేబుల్ ఛానల్ పెద్దవాళ్ళ బొమ్మల హాస్యం కోసం వెతుకుతోందని విన్నాను. దాని ఛైర్మన్ మో గ్యుచోల్‌తో మాట్లాడి, మొదటి భాగం తీసి చూపించడానికి ఒప్పించాను. ఆయన కొంటే సీరియల్ మొత్తం మాకే. కొనకపోతే హాలు ఖాళీ చేయాలి. సెరిన్‌కు ఒక ప్రకటనల కంపెనీలో డాన్సు చేసే టూత్‌పేస్టు గీసే ఉద్యోగం కాచుకుని ఉంది.

పని మొదలుపెట్టగానే తగువు వచ్చింది. గీతల విభాగానికి పెద్ద తాక్ గిహ్వాన్ గారు. ఈ పనిలోనే జుట్టు నెరిసిన మనిషి. మేనేజర్ చచ్చిపోయాడని తెలిసిన క్షణంలో గుమాస్తాల కళ్ళు గుడ్లంత చేసి, నాలుకలు బయటికి లాగి, ఒకడు కిటికీలోంచి దూకేటట్టు గీశారు.

సెరిన్ ఆ బొమ్మలన్నీ పక్కన పెట్టింది. "వద్దు తాక్ గారూ. ఎవరూ ఉలిక్కిపడకూడదు. ఒకడు మేనేజర్ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాడు. వెనక్కి వచ్చి టైపు చేసుకుంటాడు. మేనేజర్ తల వెనకభాగం చూపిస్తూ బొమ్మను అలాగే ఆపండి."

"ఆపడమా? ఎంతసేపు?"

"చూసేవాళ్ళకు ఇబ్బంది మొదలై, ఆ ఇబ్బంది పోయేదాకా."

"అమ్మాయ్, కదలని బొమ్మకు మనల్ని ఎవరైనా పిలిచి అన్నం పెడతారా? పని ఎగ్గొట్టారంటారు. ఎక్కడ నవ్వాలో జనానికి మనం చెప్పాలి."

"చెబితే నవ్వరు తాక్ గారూ. చెప్పినందుకు మొహమాటపడి పళ్ళికిలిస్తారు."

ఇద్దరూ నావైపు తిరిగారు. నా లెక్క తాక్ గారి వైపే మొగ్గింది. కదలిక ఎక్కువుంటే కొనేవాడికి సరుకు నిండుగా కనిపిస్తుంది. అయినా తొందరపడలేదు. ఆ ఘట్టాన్ని రెండు రకాలుగానూ చేయించి, టాబ్లెట్‌లో వేసుకుని దొంగ్‌డేమున్ వెళ్ళాను. వెళ్ళేముందు ఎప్పటిలాగే నా గోధుమరంగు కోటు కుర్చీకి తగిలించాను. యజమాని ఎక్కడో దగ్గర్లోనే ఉన్నాడనిపిస్తే పని దానంతటది నడుస్తుంది. ఇది నేను కనిపెట్టిన కిటుకేమీ కాదు. మా దేశంలో ప్రతి ఆఫీసులోనూ ఒకటో రెండో కోట్లు ఇలా ఉద్యోగం చేస్తుంటాయి.

బజారులో నా పాత దుకాణం పక్కనే గు మాల్‌సన్ అక్క గుండీలు అమ్ముతుంది. సరుకు బాగాలేకపోతే మొహం మీదే చెప్పే మనిషి. ముందు తాక్ గారి ముక్క చూపించాను. కింబాప్ అన్నం చుట్టలు నములుతూ చూసింది.

"వాడెందుకలా అరుస్తున్నాడు?"

"మేనేజర్ చచ్చిపోయాడక్కా."

"చస్తే అరుస్తారు. అందులో వింతేముంది? నేను నవ్వేలోపల వాడే గంతులేస్తున్నాడు. ఇంక నాకేం మిగిల్చాడు?"

రెండోది చూపించాను. గుమాస్తా వేలు పెట్టి చూశాడు, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. బొమ్మ ఆగింది. అక్క నమలడం కూడా ఆగింది. సాయంత్రం అయింది, బల్లమీదికి సోజు సారా వచ్చింది. అందరికంటే చిన్నవాడు రెండు చేతులతో శవం ముందున్న గ్లాసు నింపి, తన గ్లాసు తాగేటప్పుడు, పెద్దల ముందు తాగే మర్యాద ప్రకారం మొహం పక్కకు తిప్పుకున్నాడు. అక్క నోట్లోని మెతుకులు గుండీల డబ్బాలో పడ్డాయి.

"తిప్పుకున్నాడ్రా! చచ్చినోడి ముందు కూడా మొహం తిప్పుకున్నాడు!" కళ్ళు తుడుచుకుంది. "మా ఆయన ఇలాంటోడే. మా మామగారు పోయిన రోజు, సిగరెట్ కాల్చుకోవాలని శవం పక్కనుంచి లేచి వీధి చివరిదాకా పోయాడు. నాన్న చూస్తాడని!"

"నేల విడిచి సాము కదక్కా ఇది? పుట్టగొడుగులూ అవీ..."

"పుట్టగొడుగులు మొలవనీ, నీ తలమీద కొబ్బరిచెట్టు మొలవనీ. ఆ కుర్రాడు మొహం తిప్పుకోవడం మాత్రం అబద్ధం కాదు. అది అబద్ధమైతే తక్కినదంతా ఒట్టి గోలే." ఉన్నట్టుండి నన్ను పరీక్షగా చూసింది. "అవునూ, నీకెందుకు నవ్వు రావట్లేదు యొంగ్‌దాల్?"

"నేను అమ్మేవాణ్ణి అక్కా."

"అమ్మేవాడివని కాదులే," అంది. ఎందుకో చెప్పలేదు. ఇంతలో ఎవరో చొక్కా గుండీలు అడిగారు.

తిరిగొచ్చి సెరిన్ చెప్పినట్టే చేయమన్నాను. తాక్ గారు మూతి ముడుచుకుని గీశారు. కానీ ఆ తల వెనకభాగాన్ని ఆయన గీసిన తీరు చూసి సెరిన్ కూడా ఒక్క గీత మార్చమనలేదు. నూనె రాసి దువ్విన జుట్టు, కాలరు మీద కొంచెం చుండ్రు. మాలో ప్రతి ఒక్కరికీ ఇలాంటి తల ఒకటి వెనకనుంచి తెలుసు.

చూపించే రోజు వచ్చింది. పెళ్ళిళ్ళకు తొడుక్కునే నల్ల సూటు వేసుకుని, సెరిన్‌ను వెంటబెట్టుకుని సియోల్‌లోని ఛానల్ ఆఫీసుకు వెళ్ళాను. బయటినుంచి కొందరు ప్రేక్షకుల్ని పిలిపించమని ముందే చెప్పి ఉన్నాను. అక్కడి ఉపాధ్యక్షుడు చేతులు నలుపుకుంటూ, "బయటివాళ్ళెందుకండీ? మా వాళ్ళే ఉన్నారు, అందరూ కుర్రవాళ్ళే," అన్నాడు. ఊరికే వచ్చే ప్రేక్షకుల్ని ఎవరు వద్దంటారు? సంతోషించాను. చిన్న హాలు, ఇరుకు కుర్చీలు. ఛైర్మన్ గారికి అది మర్యాదగా ఉండదని, ఉపాధ్యక్షుడూ నేనూ కలిసి ఆయన గదిలోని ఎత్తువీపు కుర్చీని దొర్లించుకొచ్చి ముందు వరుసలో మధ్యన వేశాం. బార్లీ టీ పెట్టాం. వెనక ఉద్యోగులు హోదాల వారీగా కూర్చున్నారు. నేను పక్క తలుపు దగ్గర నిలబడ్డాను.

బొమ్మ మొదలైంది. గుమాస్తా ముక్కు దగ్గర వేలు పెట్టాడు. నిశ్శబ్దం. మొహం తిప్పుకుని సోజు తాగాడు. నిశ్శబ్దం. పుట్టగొడుగు మొలిచింది, రెండో గుమాస్తా దాన్ని కోసి, పైవాళ్ళను అడక్కుండా తినవచ్చో లేదోనని మేనేజర్ బల్లమీదే పెట్టాడు. చావు ఇంట్లో కూడా ఇంతకంటే ఎక్కువ చప్పుడు ఉంటుంది. సెరిన్ చెవులు ఎర్రగా కందిపోయాయి. ముగిసేసరికి ఆమె టూత్‌పేస్టు గీయడానికి సిద్ధపడినట్టే కనిపించింది.

దీపాలు వెలిగాయి. ఛైర్మన్ గారు మెల్లగా లేచారు. అందరూ లేచారు.

"బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి," అన్నారు.

మేజోళ్ళు చూసి రంగు బాగుందన్నవాడు కొనడు. ఆయన వెనకే వరండాలోకి నడిచాను.

"ఏం నచ్చలేదు సార్?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "నాకు నచ్చకపోవడం కాదయ్యా. రెండు మూడుచోట్ల నాకు పొంగుకొచ్చింది. చెవులు రిక్కించి విన్నాను. వెనక ఒక్క పురుగైనా నవ్వలేదు. నేనొక్కణ్ణే పగలబడి నవ్వితే ఏం మర్యాద? కుర్రవాళ్ళే నవ్వకపోతే నేనెవరికి చూపించను?"

అప్పుడు నాకు లెక్క తెలిసింది. ఆయనకు వాళ్ళ ముఖాలు కనబడవు. వాళ్ళకు ఆయన తల వెనకభాగం తప్ప ఏమీ కనబడదు. తలుపు దగ్గర నిలబడి నేను చూశాను కదా, మూడో వరుసలో ఒకమ్మాయి గుడ్డ నోట్లో కుక్కుకుంది. ఒకాయన ముక్కు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. జలుబేమో అనుకున్నాను.

"సార్, మేజోళ్ళ దుకాణంలో యజమాని ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూస్తుంటే కొనేవాడు చెయ్యి పెట్టడు. నేను పక్కకు తప్పుకుంటేనే సరుకు ముట్టుకునేవాడు. మీరొకసారి హాలు పక్కనున్న ఆపరేటర్ గదిలోకి రండి. అద్దంలోంచి హాలంతా కనిపిస్తుంది. మీరు వేరే మీటింగుకు వెళ్ళారని చెప్పిద్దాం."

"దాక్కోమంటావా నన్ను?"

"కొనే సరుకును వెనక్కి తిప్పి చూడమంటున్నాను, అంతే."

ఆయన కొంచెం ఆలోచించి, చిన్నపిల్లాడిలా అటూ ఇటూ చూసి, ఆ గదిలోకి దూరారు. ఉపాధ్యక్షుడు హాల్లోకి వెళ్ళి, ఛైర్మన్ గారు మీటింగుకు వెళ్ళారనీ, మళ్ళీ చూసి మొహమాటపడకుండా అభిప్రాయం చెప్పాలనీ ప్రకటించాడు. బొమ్మ మళ్ళీ మొదలైంది.

మళ్ళీ నిశ్శబ్దం.

అద్దం వెనక ఛైర్మన్ గారు నావైపు చూశారు. సెరిన్ నేలవైపు చూసింది. నేను హాలు వైపు చూశాను. అందరి కళ్ళూ తెరమీద లేవు. మధ్యమధ్య కిందికి, ముందు వరుసకు జారుతున్నాయి. ఎత్తువీపు కుర్చీ ఖాళీగానే ఉంది. దాని భుజాలమీద ఛైర్మన్ గారి బూడిదరంగు కోటు. ఉక్కపోసి ఎప్పుడు విప్పారో, అక్కడే వదిలేశారు.

ఆ కోటు ఏం పని చేస్తోందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాను. వంగి, తెరకు అడ్డం రాకుండా ముందుకు నడిచి, "ఛైర్మన్ గారు తెమ్మన్నారు," అని కోటు తీసుకుని బయటికొచ్చాను. తెరమీద సరిగ్గా అప్పుడే, రిటైరయ్యే గుమాస్తా శవానికి వంగి దండం పెడుతున్నాడు. తలుపు దగ్గరకు వేసి సందులోంచి చూశాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత మూడో వరుసలో గుడ్డ నోట్లో కుక్కుకున్న అమ్మాయి ముక్కులోంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది. అంతే. కట్ట తెగింది. ఒకడు ముందు కుర్చీమీద తల వాల్చి గుద్దుతున్నాడు. ఉపాధ్యక్షుడైతే గోడ పట్టుకుని నిలబడ్డాడు.

నేను ఆపరేటర్ గదికి వచ్చేసరికి ఛైర్మన్ గారు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు. "ఏమైంది? ఇందాక ఇదే కదా చూశారు? ఇప్పుడేమైంది?"

కోటు ఆయన చేతిలో పెట్టాను. "ఇప్పుడు మీరు లేచి వెళ్ళారు సార్."

ఆయన కోటు చూశారు. అద్దంలోంచి కుర్చీ చూశారు. తెరమీద మేనేజర్ తల చూశారు. చెయ్యి తెలియకుండానే తన తల వెనక్కి వెళ్ళింది. ముఖంలో నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"అంటే," అన్నారు మెల్లగా, "ఆ చచ్చినవాడు నేనా?"

బేరం పాడయ్యే క్షణం ఎలా ఉంటుందో వ్యాపారి ఒంటికి తెలుస్తుంది. ఏదో అనబోయాను. నాకంటే ముందే సెరిన్ అంది, "మీరు కాదు సార్. మా యజమాని గారు."

ఛైర్మన్ గారు నావైపు తిరిగారు. పైనుంచి కిందిదాకా చూశారు. నల్ల సూటు, నూనె రాసి దువ్విన జుట్టు.

"ఈయనా?"

"ఈయనే సార్," అంది సెరిన్, వకీలు మొహంతో.

రెండు దారులు కనిపించాయి. కోప్పడితే పరువు దక్కుతుంది, ఆర్డరు పోతుంది. వంగి, "అవునండీ, నేనే," అన్నాను.

ఛైర్మన్ గారు మొదట గోడవైపు తిరిగి నవ్వారు. తర్వాత తిరగడం కూడా మానేశారు. కోటుతో కళ్ళు తుడుచుకున్నారు. ఊపిరి అందాక, "రెండో భాగంలో మేనేజర్ని పూడ్చిపెట్టేయండి. కుర్చీమీద కోటు ఒక్కటే ఉండాలి. అప్పుడు కూడా ఎవరూ లేవకూడదు," అన్నారు.

"అందరికీ తెలిసే," అంది సెరిన్.

"ఆ! అందరికీ తెలిసే!" ఉపాధ్యక్షుణ్ణి పిలిచి ఒప్పందం కాగితాలు తయారు చేయమన్నారు. మా స్టూడియో నిలబడింది.

తిరుగు రైల్లో చోటు దొరక్క ఇద్దరం తలుపు దగ్గర నిలబడ్డాం. బుచాన్ దగ్గరపడుతుంటే ఇక ఆగలేకపోయాను.

"నిజంగానే నేనా, బేరం కోసం అన్నావా?"

"మీకేమనిపిస్తోంది సార్?"

"నేనెవర్నీ కూర్చోమని ఎప్పుడూ చెప్పలేదు."

"మేనేజర్ కూడా చెప్పలేదు కదా సార్."

మేం స్టూడియోకు చేరేసరికి పని వేళ ముగిసి చాలాసేపయింది. హాల్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. గీసేవాళ్ళంతా బల్లల దగ్గరే ఉన్నారు. గీయడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఒకరు పెన్సిళ్ళు చెక్కుతున్నారు, అవి ఇదివరకే చెక్కి ఉన్నాయి. ఒకరు ఖాళీ కాగితాల అంచులు సరిచేస్తున్నారు. తాక్ గారు కళ్ళద్దాలు తుడుస్తూ కూర్చున్నారు.

"కొన్నారు," అన్నాను. "సీరియల్ మొత్తం."

అందరూ లేచి చప్పట్లు కొట్టి, మళ్ళీ కూర్చున్నారు.

"మరి ఇంటికి పోలేదేం తాక్ గారూ?"

"మీరింకా వెళ్ళలేదు కదా సార్."

"నేను పొద్దున్నే సియోల్ వెళ్ళాను కదా. మీరే కదా గుమ్మం దాకా వచ్చి సాగనంపారు!"

"తెలుసండీ," అని తాక్ గారు ఇబ్బందిగా నా గదివైపు చూశారు. "కానీ... ఎవరు ముందు లేస్తారు?"

గాజు తలుపు వెనక నా కుర్చీ. దాని భుజాలమీద నా గోధుమరంగు కోటు, పొద్దున్నుంచీ పని మానకుండా. దాని కాలరు మీద కొంచెం చుండ్రు.

మొదట కడుపులో ఎక్కడో కదిలింది. ఎక్కిళ్ళనుకున్నాను. తర్వాత ఆపుకోలేకపోయాను. గుమ్మం పట్టుకుని, నల్ల సూటులో, మేజోళ్ళు అమ్మినప్పుడు గానీ ఫ్రిజ్‌లు గీయించినప్పుడు గానీ ఎప్పుడూ నవ్వనంతగా నవ్వాను. అది చూసి తాక్ గారు నవ్వారు. ఆయన నవ్వాక పెన్సిళ్ళు చెక్కేవాడు నవ్వాడు. అలా వరుసగా చివరి బల్ల దాకా హాలంతా నవ్వింది.

ఒక్క సెరిన్ నవ్వలేదు.

"చూశావా," అన్నాను కళ్ళు తుడుచుకుంటూ, "మనవాళ్ళకూ నవ్వొచ్చింది."

"ఇది లెక్కలోకి రాదు సార్," అంది. "ముందు నవ్వింది మీరు."

లోపలికి వెళ్ళి కోటు తీసుకుని తొడుక్కున్నాను. నేను మెట్లు దిగకముందే వెనక కుర్చీలు జరిపిన చప్పుడు వినపడింది.